తలుపు అవతల వినబడిన పాట

జ్ఞానసుందరం అయ్యగారికి ఒక అలవాటు ఉండేది. కూర్చున్న చోట అడిగిన ప్రశ్నకు కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కారు. పాదిరీలను తయారుచేసే సెమినరీలో ఆయన బోధించేది క్రైస్తవ సంఘ చరిత్ర. విద్యార్థి ఎవరైనా లేచి మెలికపెట్టి ఏదైనా అడిగితే, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "సరే, ఓసారి అటు వెళ్లొద్దాం" అనేవారు. ఎటు వెళ్లాలో చెప్పేవారు కారు. ఆయన శిష్యులకు పుస్తకాలకంటే ముందు చెప్పులే అరిగిపోతాయని తోటి అధ్యాపకులు నవ్వుకునేవారు. జవాబు దొరకకుండానే చదువు ముగించుకుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి ఆయన పెద్దగా బెంగపెట్టుకున్నట్టు కనబడదు.

ఆ శిష్యుల్లో తీతు ఒకడు. చదువులో చురుకైనవాడు, మాటలో నెమ్మదస్తుడు, తన రాత మీద తనకు కాస్త మురిపెం. ఆ ఏడు అతని సొంతవూరు మొగలిలంకలో గుడికి నూరేళ్లు నిండుతున్నాయి. సంఘ చరిత్ర రాసే పని పెద్దలు అతనికే అప్పగించారు. తీతు సంబరంగా మొదలుపెట్టి, ఒక్కో అధ్యాయమూ పూర్తి చేస్తూ వచ్చి, ఉప్పెన దగ్గర ఆగిపోయాడు. సంగతులు తెలియక కాదు. ఊయలలో ఉన్నప్పటినుంచీ విన్న కథే అది.

అతని తాత ఆశీర్వాదం నడివయసులో ఉండగా లంక మీదికి సముద్రం పొంగింది. పైపేట జనమంతా దిబ్బ మీదున్న గుడిలోకి చేరారు. ఆశీర్వాదం అప్పటికే సంఘపెద్ద. గాలికి తలుపు ఊడిపోకుండా గడియకు భుజం ఆనించి తెల్లవారేదాకా నిలబడ్డాడు. జనం ఒక పాత కీర్తన ఎత్తుకుని, గొంతులు పోయేదాకా పాడారు. లోపలున్నవాళ్లలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. ఆ కీర్తనకు ఊళ్లో ఇప్పటికీ ఉప్పెన పాట అనే పేరు. నూరేళ్ల పండుగకు గుడి గోడలో తాత పేరుతో చలువరాయి పెట్టాలని కూడా నిర్ణయించారు. రాయి మీద చెక్కించే మాటలు తీతు అధ్యాయంలోంచే తీసుకుంటారట. తన మామగారి పేరు రాతిలో చూసుకుని కళ్లు మూస్తే చాలని తీతు తల్లి కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటోంది.

చివరికి తీతు గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యగారూ, చరిత్ర దేవుడి చేతిలో ఉందని నమ్మేవాడు ఈ అధ్యాయాన్ని ఎలా రాయాలి? గాలి వేగమూ గోడల మందమూ రాస్తే అందులో దేవుడు కనబడడు. దేవుడు తన ప్రజల్ని కాపాడాడని రాస్తే, అది చరిత్ర కాదు, సాక్ష్యం అంటారు."

జ్ఞానసుందరం గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు జ్ఞాపకంగా ఊళ్లో ఏటా జరిగే ఉప్పెన కూడిక ఎప్పుడని అడిగారు. వచ్చే శుక్రవారమని తీతు చెప్పాడు. తానూ వస్తానన్నారు. ఆయనను కిందటేడు కూడా ప్రసంగానికి పిలిచారు కాబట్టి తీతుకు అందులో వింతేమీ తోచలేదు. పైగా గర్వంగా కూడా అనిపించింది. ఉప్పెన కూడికలో మొగలిలంక వాళ్లకు ఒక ఆచారం ఉంది. ఆ రోజు అందరూ లోపలికి చేరాక తలుపులు మూసి, గడియ వేసి, లేచి నిలబడి ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడతారు. పాట పూర్తయ్యేదాకా ఎవరొచ్చినా తీయరు. గడియ పట్టుకుని నిలబడే మర్యాద ఆశీర్వాదం ఇంటివాళ్లది. ఆ ఏడు అది తీతుకు వచ్చింది.

శుక్రవారం పొద్దున పడవ దిగి ఇద్దరూ దిబ్బ ఎక్కేసరికి గుడి నిండిపోయింది. మెట్ల పక్కన, వరండా అరుగు మీద, దీనమ్మ కూర్చుని ఉంది. కిందపేట మనిషి. తలంతా నెరిసిపోయి, చూపు మందగించి, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆదివారాలన్నీ లోపలే కూర్చుంటుంది. ఈ ఒక్క రోజే బయట ఉంటుంది. తలుపులు మూస్తే ఆమెకు ఊపిరాడదని ఊళ్లో అనుకుంటారు. తీతు కూడా అలాగే అనుకునేవాడు. నిజానికి అతను ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

జ్ఞానసుందరం గారు ఆమెకు వందనం చెప్పి, పక్కనే అరుగు మీద కూర్చున్నారు. లోపల ముందు వరసలో ఆయనకు కుర్చీ వేశారని తీతు గుర్తుచేశాడు. తనకు ఇక్కడే బాగుందని, నువ్వూ కూర్చోమని ఆయన అన్నారు. తీతు మొహం చిన్నబోయింది. గడియ మర్యాద ఒకవైపు, గురువు మాట ఒకవైపు. గుమ్మంలో నిలబడ్డ బాబాయి ఇమ్మానుయేలుకు సైగ చేసి, ఈసారికి నువ్వే పట్టుకోమన్నాడు. బాబాయి కాస్త విసుక్కున్నా, లోలోపల సంతోషపడుతూనే తలుపు వేశాడు. గడియ పడింది.

లోపల పాట మొదలైంది.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తీతు ఆ పాటను లోపల నిలబడి పాడాడు. బయటినుంచి వినడం అదే మొదలు. ఆ మందపాటి టేకు తలుపు మాటలన్నీ మింగేసి ఒట్టి రాగాన్ని బయటికి వదులుతోంది. తాము ఇంత గట్టిగా పాడతామని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. ఏదో ఒకటి మాట్లాడాలని, మర్యాదకే అడిగాడు, ఉప్పెన వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు మామ్మా అని.

"ఇక్కడే" అంది దీనమ్మ.

అతనికి అర్థం కాలేదు. ఆమె కర్రతో వరండా గచ్చు మీద తట్టి చూపించింది. ఆ రోజుల్లో కిందపేటవాళ్లకు గుడి లోపల చోటు ఉండేది కాదు. ఒకే బాప్తిస్మం, ఒకే పాటల పుస్తకం, కానీ చాపలు మాత్రం ఈ వరండాలోనే. ఆ సాయంత్రం కాలవ అవతలినుంచి పిల్లల్ని భుజాలకెత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

"నీళ్లు అప్పటికి ఈ కింది మెట్టుకైనా రాలేదు నాయనా. తలుపు కొట్టాం. లోపలున్నోళ్లని పేరుపేరునా పిలిచాం. మేం కొట్టేకొద్దీ లోపల పాట పెద్దదైంది. సరే, మనోళ్లమని గుర్తుపడితే తీస్తారని మేమూ అదే పాట ఎత్తుకున్నాం."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని తీతుకు అనిపించింది. కోపానికైతే ఏదో ఒక సమాధానం చెప్పవచ్చు. కిందపేటవాళ్లు ఒకసారి లోపలికి వస్తే ఇక వరండాలో కూర్చోరని అనుకున్నారేమోనని ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అంది. నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. భుజం మీదున్న బిడ్డను నీళ్లు లాక్కుపోయాయి. ఆమె ఒక తాటిమొద్దుకు తగులుకుని ఎక్కడో తేలింది. కిందపేటలో చాలా ఇళ్లకు మళ్లీ దీపం పెట్టేవాళ్లే లేకపోయారు.

తీతు తన తాత మాట ఎత్తలేకపోయాడు. ఆమే ఎత్తింది. "మీ తాత చెడ్డోడు కాదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా మొహం చూడలేదు. పోయేముందు మాత్రం కబురు పెట్టాడు. వెళ్లాను. ఏమీ చెప్పలేకపోయాడు, ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మీ ఇంట్లోవాళ్లు రోగం బాధకి ఏడుస్తున్నాడనుకున్నారు."

లోపల పాట రెండో చరణం దాటింది. దీనమ్మ పెదవులు కదుపుతూ సన్నని గొంతుతో అందుకుంది. ఆమె ఏటేటా ఇలా బయట కూర్చుని పాడుతుందన్నమాట. తీతు ఎందుకు లేచాడో అతనికే తెలియదు. లేచి వెళ్లి తలుపు కొట్టాడు. ఎవరూ తీయలేదు. మళ్లీ కొట్టాడు. బాబాయిని పిలిచాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లెవరో అల్లరి చేస్తున్నారనుకున్నారు కాబోలు, లోపల పాట ఇంకా పెద్దదైంది. పాడుతున్న గొంతుల్లో తన తల్లి గొంతు అతనికి విడిగా వినబడింది. అప్పుడతను రెండు పిడికిళ్లతో, ఒళ్లు తెలియకుండా కొట్టడం మొదలుపెట్టాడు.

"కొట్టకు నాయనా, చేతులు నొప్పెడతాయి" అంది దీనమ్మ వెనకనుంచి. "పాట అయ్యాక తీస్తారు."

పాట అయ్యాకే తీశారు. బాబాయి చిరాకుగా, పాట అయిందాకా ఆగలేకపోయావా అని కసిరాడు. అతని భుజం మీదుగా తీతుకు లోపలి మొహాలు కనబడ్డాయి. అందరి కళ్లలోనూ నిజమైన భక్తి, నిజమైన కృతజ్ఞత ఉన్నాయి. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అతనికేసి చూసి నవ్వింది. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. మెట్లు దిగి రేవువైపు నడిచాడు.

జ్ఞానసుందరం గారు ప్రసంగం ముగించుకుని వచ్చేసరికి అతను రేవులో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

మీకు ముందే తెలుసు కదా అని తీతు నిష్ఠూరంగా అడిగాడు. తెలుసన్నారాయన. కిందటేడు పడవ ఆలస్యమై, తలుపు వేశాక వచ్చి, పాట అయ్యేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నారట. అయితే నాకెందుకు చెప్పలేదని అడిగితే, చెబితే నువ్వు వాదించేవాడివి అన్నారు. అది నిజమేనని తీతుకు తెలుసు.

తర్వాత తన అసలు చిక్కు బయటపెట్టాడు. ఉన్నది రాస్తే తాత పేరు మట్టిలో కలుస్తుంది, అమ్మ ఆ దెబ్బకి కోలుకోదు. రాయకపోతే ఆ తలుపు నేనే మళ్లీ వేసినట్టు. తల వంచుకుని ఇదంతా చెప్పి, చివరికి గురువుగారి మొహంలోకి చూశాడు.

"ఆ రోజు దేవుడు తలుపుకి ఏ పక్కన ఉన్నాడని రాయమంటారు, అయ్యగారూ?"

జ్ఞానసుందరం గారు జేబులోంచి కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకున్నారు. ఆయన ఎప్పుడో గాని అలా చేయరు.

"ఆవిడ బిడ్డ పేరేమిటి?" అని అడిగారు.

తీతుకు తెలియదు. అడగాలన్న ఊహే రాలేదు. ఆమె కథంతా విన్నాడు, ఆమె కోసం తలుపు కూడా కొట్టాడు, ఆ పేరు మాత్రం అడగలేదు. దిబ్బ మీద కూడిక ముగిసి జనం దిగుతున్నారు. వాళ్ల వెనకగా, అరుగు మీద, ఆమె ఇంకా కూర్చునే ఉంది.

"దేవుడికి ఆ పేరు తెలుసు" అన్నారు గురువుగారు. "మనకే తెలియదు. వెళ్లి అడిగి రా. పడవని నేను ఆపుతాను."