గడ్డిదూడ

దావూదు ప్రార్థన మధ్యలో లేచిపోవడం ఆ రోజుకు అది మూడోసారి.

పట్నం మదరసాలో ఆరేళ్ళు చదివి, నన్నేసా గురువు దగ్గర శిష్యుడిగా చేరినవాడు అతను. గురువు ఊరి చివర చిన్న దర్గాలో ఉండేవాడు. దువా చేసి దేవుణ్ణి వేడుకోడానికి చేతులెత్తగానే దావూదుకు ఒకటే ప్రశ్న లేచేది. దేవుడికి చేతులున్నాయని గ్రంథంలో ఉంది. సింహాసనం మీద కొలువున్నాడని ఉంది. ఆయనను పోలినది ఏదీ లేదని కూడా అదే గ్రంథంలో ఉంది. చెయ్యి ఉందంటే ఆయనను మనిషిని చేసినట్టు. లేదంటే గ్రంథాన్ని కాదన్నట్టు. ఎత్తిన చేతులు దించేసి, ఆవరణంతా తిరిగేవాడు.

అట్లా తిరుగుతుండగానే ఒక గురువారం లాలమ్మ మాట చెవిన పడింది.

లాలమ్మకు అరవై దాటాయి. ఒక్కగానొక్క కొడుకు పాము కరిచి పోయి రెండేళ్ళు. ప్రతి గురువారం వచ్చి గోడవారగా కూర్చుని, తల వంచి, "చెయ్యి పెట్టు సామీ, ఒక్క గడియ చెయ్యి పెట్టు" అని గొణుక్కునేది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయేది.

"అవ్వా, దేవుడికి చెయ్యి ఉందనుకోవడం తప్పు" అన్నాడు దావూదు. "అట్లా తలచుకుంటే నీ ప్రార్థన ఆయనకు చేరదు."

"చేరదా?"

"చేరదు."

ఆమె కొంగు దులుపుకుని లేచింది. ఆ తర్వాత మూడు గురువారాలు రాలేదు.

దావూదుకు అన్నం సయించలేదు. నిద్ర లేదు. ఒక సాయంత్రం వచ్చి గురువు ఎదుట నిలబడ్డాడు.

"చెయ్యి ఉందా, లేదా? ఒక్క మాట చెప్పండి గురువా. నేను తప్పు చెప్పి ఉంటే ఆ ముసలామెకున్న ఒక్క ఆసరా నేనే తీసేసినట్టు. మీరు చెప్పకపోతే రేపు మూట కట్టుకుని పోతాను."

గురువు టీ కోసం పొయ్యి ఊదుతున్నాడు. పొగకు దగ్గి, తల ఎత్తాడు.

"పాలు లేవు. చెంబు పట్టు. లాలమ్మ ఇంటికి పోదాం."

"ఆమె ఇంటికా?"

"ఈ వీధిలో ఇంకెవరి ఎనుమన్నా పాలిస్తోందా? ఉంటే చెప్పు, అక్కడికే పోదాం."

దావూదు చెంబు అందుకున్నాడు.

లాలమ్మ తన గేదెకు దాణా పెడుతోంది. గురువును చూసి నవ్వింది. వెనక వస్తున్న దావూదును చూసి నవ్వు ఆపింది.

"ఈ పండితుణ్ణి కూడా తోలుకొస్తివా గురువా! నా ఎనుముక్కూడా ఏమన్నా బోధ చేస్తాడేమో!"

"చేసినా అది వినదులే. పాలు పిండు తల్లీ" అన్నాడు గురువు.

ఆమె కొట్టంలోంచి ఒక దూడను ఎత్తుకొచ్చింది. అది దూడ కాదు. ఈనిన ఎనిమిదో నాడే చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టిన బొమ్మ. దూడ ఎదురుగా లేకపోతే ఎనుము చేపదు, చుక్క పాలు దిగనివ్వదు. అందుకని అట్లా చేస్తారు. కళ్ళ చోట దారం కుట్లున్నాయి. ఒక కాలు చినిగి గడ్డి బయటికొచ్చింది.

"ఇది ఇంక నిలబడేట్టు లేదు" అన్నాడు గురువు. "దావూదూ, నువ్వు పట్టుకో."

దావూదు మొహం పక్కకు తిప్పుకుని పట్టుకున్నాడు. ఎనుము మెడ సాచి ఆ బొమ్మను వాసన చూసింది. ఆగింది. మళ్ళీ చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. వీపు, మెడ, కళ్ళు లేని ఆ మొహం. గరుకు నాలుక దావూదు వేళ్ళ మీదుగా కూడా పోయింది. ఎనుము చేపింది. చెంబులో పాలధార చప్పుడు మొదలైంది.

దావూదు కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఉండబట్టలేకపోయాడు.

"నోరులేని జీవాన్ని ఇట్లా మోసం చెయ్యొచ్చునా అవ్వా?"

"మోసమా?" లాలమ్మ పిండడం ఆపలేదు. "పది నెలలు కడుపులో మోసింది. ఎనిమిది దినాలు నాకి నాకి సాకింది. బిడ్డ ఏదో గడ్డి ఏదో దానికి తెలీదంటావా?"

"తెలిస్తే మరి ఎందుకు నాకుతోంది?"

ఆమె ఎనుము డొక్కకు నుదురు ఆనించింది. 

"పొదుగు సలుపుతాది నాయనా. యాడో ఒకచోట నాకాల గదా."

దావూదు గురువు వైపు చూశాడు. గురువు ఆ బొమ్మ కాలిలోంచి జారిన గడ్డిని ఒక్కొక్క పోచే ఏరి లోపలికి దోపుతున్నాడు. తల ఎత్తలేదు.

చెంబు నిండింది. లాలమ్మ లేచి నడుము పట్టుకుంది. దావూదు దూడను దించలేదు. ఎనుము ఇంకా నాకుతూనే ఉంది.

"గురువారం రా అవ్వా" అన్నాడు.

"వచ్చి? చెయ్యి లేదంటివి, చేరదంటివి. గోడకు చెప్పుకోవాల్నా?"

దావూదు ఆరేళ్ళు చదివిన చదువంతా వెతుక్కున్నాడు. ఒక్క వాక్యమూ దొరకలేదు.

"నాకూ సలుపుతోంది అవ్వా" అన్నాడు.

లాలమ్మ అతని మొహంలోకి చూసింది.

"ఆ మాట నాతో ఎందుకు నాయనా" అంది. "గురువారం నేనూ వస్తా. ఇద్దరం పోయి ఆయనతోనే చెప్పుకుందాం."