కోళ్లగూటి ముందు పరదా చెట్లు

అడవి అంచున ఒక పశువుల కొట్టం. దాని వాకిలి బోడిగుండులా ఉండేది. ఎండాకాలం అడుగుపెడితే గిట్టలు కాలిపోయేవి. ఏదైనా చెట్టు వేసుకుందామని పశువులు అనుకుంటుండగా నక్క వచ్చి, ఎల్మ్ మొక్కలు తెచ్చిపెడతానంది.

ఎల్మ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నది మాత్రం చుక్కమ్మ అనే మేక ఒక్కతే. కొత్తది కనబడితే వాసన చూసి, కొరికి, నాలుగు ప్రశ్నలు వేసిగాని వదలని ఘటం అది. మన నెమలినార చెట్టుకు ఎల్మ్ దూరపు చుట్టమని, అందులో చాలా రకాలున్నాయని నక్క చెప్పింది. ఒక రకం గొడుగులా పైకి విచ్చుకుంటుంది. ఇంకోదాని బెరడు పెచ్చులూడి పొడలు పొడలుగా అందంగా ఉంటుంది. మరో రకం కొమ్మలు జాలువారి నేలను ఊడుస్తాయి. ఈ వాకిలికి తగినది ఆ చివరిదేనట, అదీ కోళ్లగూటికి ఎదురుగానట.

గొడుగులాంటిదైతే నీడ ఎక్కువ కదా అని చుక్కమ్మ అడిగింది.

"నీడొక్కటే చాలా తల్లీ?" అంది నక్క కళ్లు దించుకుని. "దారిన పోయే ప్రతివాడూ పెట్టల్ని చూస్తున్నాడు. ఆడవాళ్లకో చాటు ఉండాలి."

పుంజు ఛాతీ పొంగింది. ఇంత మర్యాద తెలిసినవాణ్ణి తానెక్కడా చూడలేదంది. ఎద్దు తలూపింది. పెట్టల్ని ఎవరూ అడగలేదు. వాళ్ల పరువు గురించి మాట్లాడుకునే చోట వాళ్లకేం పని?

నక్క మొక్కలు నాటింది. ముంత నోట కరచుకుని వాగు నుంచి నీళ్లు మోసింది, నడినెత్తిన ఎండలో కూడా మోసింది. ఇంత సేవ దేనికని చుక్కమ్మకు ఒకటే ఆరా.

చెట్లు ఎదిగి కొమ్మలు నేలకు దిగాక, చుక్కమ్మ ఉండబట్టలేక లోపలికి దూరింది. చల్లగా, మసకగా ఉంది. ఆకుల సందుల్లోంచి గూటి తలుపు, గింజలేరుకునే కోడిపిల్లలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాళ్ల కింద మట్టి గుంట పడి ఉంది, ఎవరో పడుకుని కొలత చూసుకున్నట్టు.

"నల్లపెట్టా, నేను కనబడుతున్నానా?"

గూటి ముందున్న నల్లపెట్ట మెడ అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడున్నావు వదినా? గొంతొక్కటే వినిపిస్తోంది."

చుక్కమ్మ బయటికొచ్చి సంగతి చెబితే, చాటు తీసేస్తే నలుగురూ ఏమనుకుంటారని పుంజు గింజుకుంది. నల్లపెట్ట దాన్ని పక్కకు తోసింది.

"నలుగురి సంగతి తర్వాత. నా పిల్లలేమవుతారో అది చెప్పు. కొట్టేద్దామా వదినా?"

కొట్టేస్తే నీడ పోతుందని చుక్కమ్మ మందలోని మేకలన్నిటినీ పిలుచుకొచ్చింది. అవి వెనక్కాళ్ల మీద లేచి, మెడ అందినంత మేరా మేసేశాయి. పొద్దు వాలేసరికి చెట్లు మోకాళ్ల పైకి చీర ఎగ్గట్టిన నాటు కూలీల్లా నిలబడ్డాయి. పైన నీడకు లోటు లేదు, కింద అంతా బయలు.

సందెవేళ నక్క పొట్ట నేలకానించి పాకుతూ వచ్చి గుంటలో ముడుచుకుంది. చూపంతా గూటి మీదే, తలెత్తి చెట్టును చూసే తీరికేదీ?

"ఏం బావా," అంది నల్లపెట్ట, "మమ్మల్ని ఎవరూ చూడకూడదన్నావు. మరి నువ్వేం చూస్తున్నావు?"

ఎద్దు కొమ్ములు వంచేలోపే నక్క అడవిలో పడింది. తెల్లారి ఆ నీడలో పెట్టలు రెక్కలు పరుచుకుని మట్టిస్నానం చేశాయి.

ఆడవాళ్లకు పరదా కట్టమనేవాణ్ణి, దాని వెనక నక్కేదెవరో ముందు అడగండి.