చెకుముకిరాయి నవ్వడం మానేసిన రోజు

ఒకప్పుడు రాళ్లన్నీ మెత్తగా ఉండేవి. వాటికి కితకితలు కూడా ఎక్కువే. నిమ్మరసం ఒక్క చుక్క పడితే చాలు, బుసబుసమని నురగ కక్కుతూ నవ్వేవి. అందరికంటే ఎక్కువ నవ్వేవాడు చెకుముకిరాయి. సున్నపురాయి పెద్దమ్మ ఒళ్లో కూర్చుని, నిమ్మచెట్టును చూస్తేనే నవ్వేవాడు.

ఒకరోజు చిట్టి నిప్పురవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆడుకుంటూ ఆడుకుంటూ వానత్త కొత్త మబ్బుచీర అంచు కాల్చేసిందట. ఒక్క చుక్క నీళ్లు మీద పడితే తన పని అయిపోయినట్టేనని ఏడ్చింది.

"అన్నా, కాసేపు నీ నోట్లో దాక్కోనా?"

చెకుముకి నోరు తెరిచాడు. రవ్వ లోపలికి దూకింది. నాలుక చుర్రుమన్నా వాడు నోరు మూసేశాడు.

అంతలో వానత్త ఉరుముకుంటూ దిగింది, చంకలో బుట్టెడు నిమ్మకాయలతో. నవ్వితే రాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి, ఎవరి నోట్లో వెలుగుంటే వాళ్లే దొంగ. అదీ ఆమె ఎత్తు.

వరసగా పిండుకుంటూ వచ్చింది. పెద్దమ్మ తొలిచుక్కకే నురగలు కక్కేసింది.

తర్వాత చెకుముకి వంతు. రసం సరిగ్గా నడుంమీద పడింది. నవ్వు కడుపులోంచి గొంతుదాకా వచ్చేసింది. నవ్వాడో, రవ్వ ఆరిపోతుంది. ఏం చెయ్యాలో తోచక మనసులో పదమూడో ఎక్కం ఎత్తుకున్నాడు. పదమూడు రెళ్లు ఇరవైయారు, పదమూడు మూళ్లు ముప్పైతొమ్మిది... ఎక్కాలు చదువుతూ నవ్వినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?

వానత్త పదకొండు కాయలు పిండేసరికి వాడు పదిహేడో ఎక్కంలో ఉన్నాడు. పళ్లు బిగించీ బిగించీ ఒళ్లంతా గట్టిపడిపోయింది. ఆమె కత్తితో గీకింది. గీత పడలేదు సరికదా, కత్తే అరిగింది. ఒళ్లుమండి, ఎత్తి బండకేసి కొట్టింది. ఆల్చిప్పలా వంపు తిరిగిన పెచ్చొకటి ఊడింది. దాని అంచు తగిలి ఆమె వేలే తెగింది. చెకుముకి ఇటు చూడనైనా లేదు. పంతొమ్మిది ఏడ్లు నూటముప్పైమూడు.

"ఇంత ముంగిని నేనెక్కడా చూడలేదు," అని వేలు చప్పరిస్తూ వానత్త సముద్రం వైపు వెళ్లిపోయింది.

ఇక బయటికి రావచ్చా అని రవ్వ అడిగింది. చెకుముకి నోరు తెరవబోయాడు. దవడలు కదిలితేగా.

"పోనీలే అన్నా," అంది రవ్వ. "ఇక్కడే బాగుంది, వెచ్చగా."

అప్పటినుంచే, నిమ్మరసం పడితే సున్నపురాయి నురగలు కక్కుతూ నవ్వుతుంది, ఆమె ఒళ్లోని చెకుముకి మాత్రం నవ్వడు. కత్తికి గీత పడనివ్వడు. ఇనుముతో కొడితే మాత్రం లోపలి రవ్వ చటుక్కున బయటికి తొంగిచూస్తుంది, వాన వెలిసిందేమోనని.