గెడ్డ దాటే చక్రాలు

తవిటినాయుడికి ధ్యానం కుదరడం లేదు. కళ్లు మూసుకుంటే చాలు, చక్రాలు కనిపిస్తున్నాయి.

నవ్వకండి బాబూ. భగవంతుడు ఎవరికి ఏ రూపంలో పరీక్ష పెడతాడో మనకేం తెలుసు? ఒకరికి బంగారంతో పెడతాడు, ఒకరికి పదవితో పెడతాడు. ఆశ్రమం బండి తోలే తవిటినాయుడికి చక్రాలతో పెట్టాడు.

సాలూరు పైన, కొండల్లో ఉండేది ఆ ఆశ్రమం. గురువుగారిని అందరూ నాయన అనేవారు. పెద్ద పేరేమీ లేదు. ఉపన్యాసాలూ లేవు. వచ్చినవాళ్లకి ఇంత అంబలి, కూర్చోడానికి చాప. ఆశ్రమానికి ఉన్న ఆస్తల్లా ఒక పాత పికప్పు బండి. ఎవరో భక్తుడు ఇచ్చింది. తవిటినాయుడి కంటే వయసులో పెద్దది. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఏ ఆడకూతురికి నొప్పులొచ్చినా ఆ బండే దిక్కు.

అయితే కొండ దిగాలంటే మధ్యలో ఒక గెడ్డ దాటాలి. వానలు పడితే ఆ వాగు పొంగుతుంది. కిందటి వానల్లో ఒక తల్లి ఈ ఒడ్డున బండిలోనే నొప్పులు పడింది. చిన్న చక్రాలు రాళ్లలో దిగబడిపోయాయి, ఇంజన్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తగ్గేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. అంతసేపూ తవిటినాయుడు స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

అందుకే ఎండాకాలమంతా బండి కిందే పడుకున్నాడు. బండి బరువు మోసే కమాను కట్టల కింద ఇనుప దిమ్మలు పెట్టి బండిని జానెడు పైకెత్తాడు. నలుగురితో కలిసి పడుకునే సావిడిలో గోల ఎక్కువగా ఉందని, పనికీ ధ్యానానికీ అడ్డొస్తున్నారని, షెడ్డులోకే మకాం మార్చేశాడు. అక్కడ ఒంటరిగా మనసు కుదురుగా ఉందని అతనికి సంతోషం.

ఇక మిగిలింది చక్రాలు. సాలూరులో పాత సామాన్ల షావుకారు రెండు రకాల సెట్లు చూపించాడు. రెండింటి ఎత్తూ ఒకటే. ఏదేసినా గెడ్డ నీళ్లకి పైనే ఉంటుంది బండి. తేడా అంతా వెడల్పులోనూ, లోతులోనూ ఉంది.

లోతంటే ఏమిటంటే, చక్రాన్ని నేలమీద బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఒక కర్ర పెట్టండి. ఆ కర్ర నుంచి, బండికి బిగించే పలక దాకా ఎంత దిగితే అంత లోతు. మెకానిక్కులు దాన్నే బ్యాక్ స్పేసింగ్ అంటారు. లోతు ఎక్కువుంటే చక్రం బండి కిందికి ఒదిగి కూర్చుంటుంది. తక్కువుంటే బయటికి తోసుకొస్తుంది.

ఒక సెట్టు సన్నం, లోతు ఎక్కువ. బండి చూడ్డానికి పొడుగు కాళ్ల కొంగలా ఉంటుంది, మలుపుల్లో ఊగుతుంది. రెండోది వెడల్పు, లోతు తక్కువ. చక్రాలు రెండు పక్కలా బయటికొచ్చి, బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ సింహంలా ఉంటుంది. ఎత్తు పెంచిన బండి బోల్తా పడకుండా ఉండాలంటే కాళ్లు ఎడంగా ఉండాలి కదా అని తవిటినాయుడి వాదన. వాదన తప్పేం కాదు. కానీ ఆ సింహాన్ని చూసి అతని గుండె కూడా కొంచెం పొంగింది.

ఏవి బిగించాలని నాయనని అడిగాడు. నాయన కందికాయలు వలుస్తున్నారు. నువ్వే చూసుకో, తోలేది నువ్వే కదా అన్నారు.

షావుకారు రెండు సెట్లూ పంపించాడు, అక్కర్లేనిది తిప్పి పంపమన్నాడు. తవిటినాయుడు వెడల్పువి బిగించాడు. షెడ్డులో స్టీరింగు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడా తగల్లేదు. ఆ రోజు ధ్యానం బాగా కుదిరింది.

ఆ రాత్రే వాన పట్టుకుంది. వానలోనే, పొద్దున్నే, మీది గూడెం నుంచి డోలీ కట్టుకుని సుక్రిని మోసుకొచ్చారు. తొలి కానుపు. ముందు నడిచిన ఆశా వర్కర్ చిలకమ్మ తల మీద గోనె కప్పుకుని ఉంది. బండిని చూసి కూడా దాని అందం ఆమె కంటికి ఆనలేదు.

"నీ బండికి పెళ్లిచూపులేటి, అలా ముస్తాబు చేసేవు? తియ్యి బేగి. నొప్పులు దగ్గరపడ్డాయి."

సుక్రిని బండి వెనక, పరుపు మీద పడుకోబెట్టారు. తవిటినాయుడు ఇంజన్ స్టార్ట్ చేసి, అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఎక్కుతూనే ఉన్నారు. సుక్రి తల్లి ఎక్కింది. మొగుడు గాసి ఎక్కాడు, చంకలో కోడి ఉంది. మేనత్త ఎక్కింది. గెడ్డలో బండి ఆగితే తొయ్యడానికి కుర్రాళ్లు ఎక్కారు. ఆసుపత్రి దగ్గర వండుకోడానికి చోళ్ల బస్తా, కట్టెల మోపు కూడా ఎక్కాయి. ఆ కొండల్లో అంతే. ఒక మనిషి ఆసుపత్రికి పోతే ఒంటరిగా పంపరు. ఒంటరిగా పంపడమంటే ఆశ వదులుకున్నట్టే వాళ్లకి.

తవిటినాయుడు దిగి వెనక్కి వచ్చాడు. తల్లీ, చిలకమ్మా ఉంటే చాలనీ, మిగతావాళ్లు నడిచి రావాలనీ గట్టిగానే చెప్పాడు. ఇంత బరువైతే బండి కుంగిపోతుందన్నాడు. ఒకరిద్దరు దిగబోయారు.

అప్పుడు నాయన వచ్చారు. నెత్తిన తాటాకు గొడుగుంది. గొడుగు మూసి గాసి చేతికిచ్చి, ఆ బండి వెనకే తనూ ఎక్కి, కట్టెల మోపు మీద కూర్చున్నారు. దిగబోయినవాళ్లు మళ్లీ సర్దుకున్నారు.

"పోనియ్యి బాబూ" అన్నారు తవిటినాయుడితో.

తవిటినాయుడి ఒళ్లు మండిపోయింది. గురువు కాబట్టి ఊరుకున్నాడు. ఎక్కి గేరేశాడు.

ఆశ్రమం వాకిలి దాటగానే దారి ఒక బండరాయి ఎక్కి, ఎడమకి తిరుగుతుంది. చిన్న మలుపే. ముందు చక్రం రాయెక్కింది. తవిటినాయుడు స్టీరింగు కొస దాకా తిప్పాడు. ఎక్కడో బరబరమని కోసిన చప్పుడు. స్టీరింగు చేతుల్లో బిగుసుకుపోయింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. బండి ఆగిపోయింది.

దిగి చూశాడు. బరువుకి బండి కుంగింది. బయటికి తోసుకొచ్చిన చక్రం తిరిగినప్పుడు మడ్‌గార్డు అంచుకి పోయి ఇరుక్కుంది. రేకు కత్తిలా టైరులో దిగబడి ఉంది. నిన్న చెయ్యి పట్టిన సందులో ఈ రోజు గోరు కూడా దూరదు.

వానలో నిలబడి అతను ఆ టైరుని చూడ్డం లేదు. కింద ఉన్న రాతిగోడ మలుపుని చూస్తున్నాడు. ఒక పక్క గోడ, ఒక పక్క లోయ. అక్కడ స్టీరింగు కొస దాకా తిప్పకపోతే బండి తిరగదు. అక్కడ ఇలా బిగుసుకుపోయి ఉంటే!

వెనక నుంచి సుక్రి మూలిగింది. చిలకమ్మ గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"తమ్ముడూ, ఎంతసేపు?"

అతను నాయన దగ్గరికి పరుగెత్తాడు. జనం దిగితే బండి లేస్తుందనీ, అప్పుడు తగలదనీ, నిన్న చూశాననీ గబగబా చెప్పాడు.

నాయన అతని ముఖంలోకి చూశారు.

"ఎవర్ని దించమంటావు?"

తవిటినాయుడు బండిలోకి చూశాడు. తల్లి ఒళ్లో సుక్రి తల ఉంది. మేనత్త కొంగుతో వాన పడకుండా కప్పుతోంది. గాసి కోడిని వదిలేసి సుక్రి పాదాలు రుద్దుతున్నాడు. కుర్రాళ్లు చూపులు దించుకుని కూర్చున్నారు. వాళ్లు దిగితే గెడ్డలో తోసేవాళ్లు లేరు. అతను మళ్లీ ముందు చక్రం వైపు తిరిగాడు.

నాయన జరిగి, కట్టెల మోపు వెనక చెయ్యి పెట్టి, అక్కడున్న చక్రాలు విప్పే పానా తీసి అతని చేతిలో పెట్టారు.

బండిని వెనక్కి తీశారు. కుర్రాళ్లు షెడ్డులోంచి సన్న చక్రాలు దొర్లించుకొచ్చారు. తవిటినాయుడు బురదలో మోకాళ్ల మీద కూర్చుని జాకీ ఎక్కించాడు. ఒక బోల్టు రానని మొండికేసింది. పానా మీద నిలబడి తొక్కాడు. సుక్రి అరుపు విన్నప్పుడల్లా పానా జారేది. గాసి ఎప్పుడొచ్చాడో, జారిన పానాని పట్టుకుని తనూ తొక్కాడు. ముందు రెండూ మార్చారు. వెనకవి స్టీరింగుతో పక్కకి తిరగవు కనక, బరువుతో తగలడం లేదని చూసుకుని వదిలేశారు.

ఈసారి తవిటినాయుడు ఎవర్నీ దింపలేదు. అందరూ కూర్చునే ఉండగా అదే రాయి ఎక్కించి, స్టీరింగు అటు కొసకీ ఇటు కొసకీ తిప్పి, దిగి చూశాడు. లోపల కమాను కట్టలకి తగల్లేదు. బయట మడ్‌గార్డుకి తగల్లేదు. బండి ఊగుతుంది కాబట్టి ఎవరూ అంచుల మీద కూర్చోవద్దనీ, అందరూ నేలబారుగా, సుక్రి చుట్టూ దగ్గరగా కూర్చోమనీ చెప్పాడు. వాళ్లు అలాగే ఒదిగారు.

రాతిగోడ మలుపు వచ్చింది. స్టీరింగు కొస దాకా తిప్పాడు. బండి లోయ వైపు ఒరిగింది. వెనక ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. చక్రం తిరిగింది. ఎక్కడా చప్పుడు లేదు. బండి మలుపు దాటింది.

గెడ్డలో నీళ్లు బంపరు దాకా ఉన్నాయి. నడిమధ్యలో ఒక్కసారి చక్రం తిరిగి తిరిగి జారింది. చెప్పకుండానే కుర్రాళ్లు నీళ్లలోకి దూకారు, వాళ్లతో గాసీ దూకాడు. భుజాలిచ్చి తోశారు. ఇంజన్ మూలిగి, అవతలి ఒడ్డు పట్టుకుంది.

ఆసుపత్రి మెట్ల మీద సుక్రిని దింపుకుని చిలకమ్మ లోపలికి పోయింది. వెనకే తలుపు మూసుకుంది. మొత్తం గూడెం వరండాలో చూరు కింద నిలబడి ఆ తలుపునే చూస్తోంది. ఎవరూ కూర్చోలేదు. తవిటినాయుడూ వాళ్లలోనే నిలబడ్డాడు. ఎవరి భుజం ఎవరికి తగులుతోందో కూడా తెలియనంత దగ్గరగా ఉన్నారు.

చాలాసేపటికి లోపల ఒక సన్నటి ఏడుపు మొదలైంది. గాసి గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. మేనత్త పకపకా నవ్వింది. చిలకమ్మ తలుపు తీసి ఆడపిల్ల అంది, తల్లికి ఢోకా లేదంది.

తవిటినాయుడు వానలోకి, బండి దగ్గరికి వెళ్లిపోయాడు. ముందు ఒక రకం, వెనక ఒక రకం చక్రాలతో వికారంగా నిలబడి ఉంది అతని సింహం. వంగి, చక్రానికీ రేకుకీ మధ్య చెయ్యి పెట్టాడు.

నాయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"షెడ్డులో బాగానే ఉంది నాయనా" అన్నాడు తవిటినాయుడు, తల తిప్పకుండా. "ఎక్కడా రాసుకోలేదు."

నాయన చేత్తో అతని వీపు మీది బురద తుడిచారు.

"ఖాళీగా ఉన్నప్పుడు ఎవరికి ఎవరు రాసుకుంటార్రా?"