తూలినవాడు తాగినవాడే

"రా అన్నా, ఇక్కడ కూర్చో. ఇప్పుడే మొదలెట్టా. ఒకానొక రాజ్యంలో వీరకంఠుడని రాజు. ఆయన పల్లకీ మోసే బోయీ గంగులు దారిలో తూలిపడ్డాడు. పల్లకీ ఒరిగి రాజుగారు బురదలో పడ్డారు. అక్కడిదాకా చెప్పా వీళ్లకి."

మర్నాడు గంగుల్ని కొలువుకి పట్టుకొచ్చారు.

"తాగావా?" అని గద్దించాడు రాజు.

"లేదు దొరా. ఎడం చెవిలో జోరీగ మోతలాగా మొదలైంది. ఆ చెవికి మాట కూడా సరిగా వినపడదు. తూలింది నేను కాదు దొరా, నేలే తిరిగింది."

కొలువంతా గొల్లున నవ్వింది.

"నేల తిరిగిందంట! తూలినవాడు తాగినవాడే. వీడు పెళ్లాంబిడ్డల్తో ఊరొదిలి పోవాలి" అన్నాడు రాజు.

కొలువులో సింగన్న అని ఒకాయన ఉన్నాడు. ఆయనంటే నాకు భలే ఇష్టం. ఎంత పెద్దోడినైనా నవ్వుతానే దారికి తెస్తాడు. పిలిస్తే గంగులు కుడి చెవే తిప్పడం, నోట కల్లు వాసన లేకపోవడం ఆయనొక్కడే చూశాడు.

"ప్రభూ, తూలినవాడు ఎవరైనా తాగినవాడేనా?"

"ఎవరైనా సరే! మేమైనా సరే!"

తీర్పు ఖాయం చేసేముందు దేవుడి ముందు ఆత్మప్రదక్షిణ చెయ్యడం ఆ రాజుకి అలవాటు. తన చుట్టూ తనే తిరగాలన్నమాట.

"ఒక సంసారం వీధిన పడే తీర్పు ప్రభూ. మామూలుగా తిరిగితే చాలదు. నేను ఆగమనేదాకా గబగబా తిరగండి" అన్నాడు సింగన్న.

రాజు గిర్రున తిరిగాడు. సింగన్న ఆగమన్నాడు. రాజు ఆగాడు గానీ కాళ్లు ఆగలేదు. అటు తూలి, ఇటు తూలి, మంత్రిగారి తలపాగా పట్టుకున్నాడు.

"ఏ చెట్టు కల్లు ప్రభూ?"

"తాగలేదయ్యా! ఆగినా తిరుగుతానే ఉంది!"

"బిందె తిప్పి ఆపితే లోపల నీళ్లు ఇంకా తిరుగుతాయి కదా ప్రభూ. చెవి లోపల కూడా కాస్త నీరుంటుంది. మనం ఒరిగామో నిలబడ్డామో చెప్పేది అదే. మీకిప్పుడు సర్దుకుంటుంది. గంగులుకి తిరక్కుండానే ఈ తిరుగుడు వస్తుంది. అది తాగుడు కాదు, చెవి జబ్బు."

రాజు తలపాగా వదిలి, కడుపు పట్టుకుని నవ్వాడు. తన ముత్యాల పోగులు తీసి, "చెవులున్నోడివి నువ్వే" అని సింగన్నకిచ్చాడు. గంగుల్ని వైద్యుడికి చూపించమని, తూలినా భయం లేకుండా కూర్చుని చేసే పని ఇమ్మని చెప్పాడు.

తర్వాత రాజే మెల్లగా గంగులు దగ్గరికెళ్లి, కుడి చెవి వైపు నిలబడి, అతనన్న మాటే అన్నాడు:

"తూలింది నేను కాదు దొరా, నేలే తిరిగింది."