లంక మునిగిన రోజు ల్యాప్‌టాప్‌లో ఎండ

కొర్రవాగు అడవిలో దుప్పులు, నక్కలు, కొండముచ్చులు, నెమళ్ళు ఉండేవి. వాటితో పాటు ఒక ల్యాప్‌టాప్ కూడా ఉండేది. పులుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనుషులు దాన్ని ఒక రాతిగదిలో వదిలేసి పోయారు. గది కప్పు మీద సోలార్ పలక ఉంది. ఎగువన, వాగు పక్కన ఒక కెమెరా ఉంది. అక్కడ నీళ్ళు పెరిగితే ఇక్కడ తెర మీద కనిపించేది.

వాగు మధ్యలో ఒక లంక. గుంపుగా వేటాడే రేసుకుక్కలు నీళ్ళు దాటి రావని తల్లులు పిల్లల్ని ఆ లంకలో దాచి మేతకు వెళ్ళేవి. తెర మీద వరద కనిపించగానే కొండముచ్చు చెట్ల మీద నుంచి కేక వేసేది. పిల్లలు ఒడ్డుకు వచ్చేసేవి.

ల్యాప్‌టాప్‌కి పెత్తందారు సింగారయ్య అనే మగ నెమలి. ముక్కుతో మీటలు నొక్కడం తనకొక్కడికే వచ్చని ఆ పదవి తనే తీసుకున్నాడు. ఒంటినిండా ఈకలే గానీ, తన మీద తనకు అనుమానం అన్నది ఒక్కటీ లేదు.

ఒకరోజు మబ్బు కమ్మింది. సోలార్ ఆగిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడవసాగింది. నడక అనడం కూడా ఎక్కువే, పాకుతోంది.

మచ్చలమ్మ అనే దుప్పి గదిలోకి వచ్చింది. ఆమె బిడ్డ లంకలో ఉంది.

"వాగు ఎలా ఉంది, సింగారయ్యా?"

"చక్కగా ఉంది. నువ్వే చూడు."

మచ్చలమ్మ చూసింది.

"ఈ బొమ్మలో ఎండ కాస్తోంది. కొండ మీద మబ్బు తెల్లారినప్పటి నుంచీ ఉంది."

గదిలో ఉన్న నక్క, కొండముచ్చు కూడా తెర ముందుకు వచ్చి చూశాయి. బొమ్మ కదలక ఆగిపోయింది; అందరూ చూస్తున్నది నిన్నటి వాగుని.

"యంత్రం ముసలిదైపోయింది," అన్నాడు సింగారయ్య. "అవును, అవతల పారేయాలి," అన్నాడు పక్కనే ఉన్న నక్క ముత్తయ్య. పారేయడంలో ముత్తయ్యది ఎప్పుడూ ముందుచూపే.

"నిన్న ఎండలో పరిగెత్తింది కదా," అంది మచ్చలమ్మ. "మబ్బు పట్టగానే ముసలిదైపోయిందా? ఆ బ్యాటరీ గుర్తు పక్కన ఆకు బొమ్మ వెలుగుతోందేం?"

"చార్జి పొదుపు. అది పెడితే ల్యాప్‌టాప్ తన బలం తగ్గించుకుని నడుస్తుంది. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది."

"ఎవరు పెట్టారు?"

సింగారయ్య మెడ వంచి ఈకలు సర్దుకున్నాడు.

"దేనికోసం దాచావయ్యా ఆ చార్జి?" అంటూ మచ్చలమ్మ తెర మీది వాగు బొమ్మని మూతితో పక్కకు జరిపింది. వాగు వెనక సింగారయ్య ఆడుతున్నాడు. దాని వెనక కూడా సింగారయ్యే. ఇంకా వెనక కుడివైపు నుంచి సింగారయ్య, ఎడమవైపు నుంచి సింగారయ్య. అన్ని వీడియోలూ ఒక్కసారే నడుస్తున్నాయి.

"మబ్బు పడితేనే గదా నేను ఆడేది," అన్నాడు సింగారయ్య నెమ్మదిగా. "ఆట వీడియో తీస్తుంటే సగంలో చార్జి అయిపోతే ఎలా?"

ముత్తయ్య మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

"అన్నీ మూసెయ్," అంది మచ్చలమ్మ. "ఆ ఆకు తీసెయ్. చార్జి చాలకపోతే తెర వెలుగు తగ్గించు. నీ మొహం మసకగా కనిపిస్తే లోకం మునిగిపోదు."

సింగారయ్య నొక్కాడు. బొమ్మ ఒక్క ఉదుటున మారింది. ఎర్రటి నీళ్ళు. అందులో వేళ్ళతో సహా కొట్టుకొస్తున్న మద్దిచెట్టు. మరుక్షణం కెమెరా కూడా మునిగి తెర నల్లబడింది.

కొండముచ్చు కేక వేస్తూ చెట్లెక్కింది. మచ్చలమ్మ పరిగెత్తింది. ఆమె చేరేసరికి పిల్లలు మెడలోతు నీళ్ళలో ఈదుతున్నాయి. చివరి పిల్ల ఒడ్డెక్కాక తిరిగి చూస్తే లంక లేదు.

ఈదగలిగినవి బతికాయి. గుడ్లు ఈదలేవు. సింగారయ్య పెళ్ళాం నాగులు ఆ లంక అంచునే, గడ్డిలో గుడ్లు పెట్టింది. కేక వినగానే ఆమె ఎగిరి ఒడ్డుకు వచ్చింది. ముక్కులో ఒక గడ్డిపోచ మాత్రం మిగిలింది.

సింగారయ్య ఎదురొచ్చాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. గడ్డిపోచ అతని ముందు పెట్టి ఒక్కటే అడిగింది.

"ఆట బాగా వచ్చిందా?"

ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ పెత్తనం మచ్చలమ్మది. మబ్బు పడితే ఆమె ముందు చూసేది వాగుని కాదు, వాగు వెనక ఇంకేం తెరిచి ఉందో.

నీతి: పనిముట్టు నెమ్మదించిందని తిట్టే ముందు, నీ సొంత సరదాలు దానిచేత ఎన్ని మోయిస్తున్నావో చూసుకో.