మంత్రిగారి పాత కంప్యూటర్

అనగనగా కంప్యూటర్లున్న ఓ రాజ్యం. భద్రతామంత్రి దండపాణి ఊరూరా ఆజ్ఞ అంటించాడు: "భద్రతా చిప్ లేని కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కదు. అందులో కొట్టిన కాగితం ఏదీ చెల్లదు!"

అర్జీలు టైపు చేసి బతికే చెంగమ్మ ఆ ఆజ్ఞ చదివింది. ఆమెది చిప్ లేని పాతదే మరి! ఆజ్ఞ కాగితం పీక్కుని నేరుగా రాజుగారి సభకెళ్లింది.

"అయ్యగారూ, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరు కొట్టారో?" అంది మంత్రితో.

మంత్రి మీసం దువ్వాడు. "నేనే! పదిహేనేళ్ల నాటి నా కంప్యూటర్ మీద. అలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయే?"

"దాన్లో చిప్ ఉందాండీ?"

మంత్రి మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"లేకపోతే ఈ ఆజ్ఞ కూడా చెల్లదుగా!" అంది చెంగమ్మ.

రాజు పగలబడి నవ్వి కాగితం చింపేశాడు. చిప్ ఉన్న కొత్త కంప్యూటర్ ఇప్పించమని మంత్రి పెట్టుకున్న అర్జీని ఆ సాయంత్రం చెంగమ్మే కొట్టిపెట్టింది, తన పాతదాని మీద.